షటిల్ బ్యాట్ గట్టింగ్ (తీగల బిగింపు) 24 నుంచి 27 పౌండ్లకు పెంచినంక కాక్ అవతలి కోర్ట్ చివరిదాక పోతలేదు, మోచెయ్యి లాగుతుంది. టెన్షన్ ఎంత పెట్టించాలె?

కొంపల్లి_డబుల్స్:
అందరికీ నమస్తే. మా ఏరియాల ఇండోర్ కోర్ట్ ఉంది, పొద్దున ఆఫీసుకు పోయే ముందు డబుల్స్ ఆడ్త, ఫెదర్ కాక్ తోనే. బ్యాట్ 4యు (బరువు), జీ5 (హ్యాండిల్ సైజు), కోన్ (హ్యాండిల్ పైన టోపీ లాంటిది) మీద 20-28 ఎల్‌బీఎస్, అంటే పౌండ్లు, అని రాసుంది. ఇన్ని రోజులు యోనెక్స్ కంపెనీ బీజీ65 గట్స్ (బ్యాట్ తీగలు) 24 మీద వేయించుకునేటోన్ని. మొన్న అవి తెగినయ్. మా బ్యాచ్‌ల అందరు 27, 28 అంటుంటే నేను కూడా బీజీ66 అల్టిమాక్స్ తీసుకొని 27 వేయించిన. సౌండ్ అయితే మస్తు వస్తుంది, పక్క కోర్టోళ్ళు కూడా తిరిగి చూస్తున్నరు. కానీ బేస్‌లైన్ నుంచి క్లియర్ (కాక్‌ని అవతలి చివరిదాక ఎత్తి కొట్టే షాట్) కొడితే మిడ్‌కోర్ట్ దాటి కొంచెం దూరం పోయి పడిపోతుంది, అవతలోళ్ళు హాయిగ స్మాష్ కొట్టుకుంటున్నరు. బ్యాక్‌హ్యాండ్ అయితే ఇంక చెప్పొద్దు, సగం కూడా పోతలేదు. దానికి తోడు రెండు మూడు గేములు అయినంక మోచెయ్యి బయటి వైపు లాగినట్టు నొప్పి. ఇది అలవాటైతదా, లేక మళ్ళ కట్ చేసి తక్కువ వేయించాల్నా? టెన్షన్ పెరిగితే పవర్ పెరుగుతదా తగ్గుతదా, కోర్ట్‌ల ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నరు, నాకైతే సమజ్ కాలే.

బెజవాడ_బ్యాక్‌హ్యాండ్:
తగ్గుతుందండి. మా ఊళ్ళో నులక మంచం చూసే ఉంటారుగా, నులక కాస్త వదులుగా ఉంటే పిల్లాడు ఎగిరితే మంచమే వాడిని పైకి తోస్తుంది, బాగా బిగించేస్తే వాడు ఎంత బలంగా తొక్కితే అంతే లేస్తాడు. గట్స్ కూడా అంతే. వదులుగా ఉంటే కాక్ తగలగానే గట్స్ లోపలికి వెళ్ళి తిరిగి తోస్తాయి, అది ఫ్రీగా వచ్చే పవర్. బిగిస్తే ఆ ఫ్రీ పవర్ పోతుంది, మీ చెయ్యి ఎంత స్పీడ్ తెస్తే అంతే. మీ క్లియర్ పడిపోవడానికి కారణం అదే. 24 కి వచ్చేయండి, ఆలోచించక్కర్లేదు.

హైటెన్షన్_ఓరుగల్లు:
అన్నా నేనొప్పుకోను. నేను 28 మీద ఆడ్త, అంతకుముందు 23 మీద ఆడేటోన్ని, నా స్మాష్ ఇప్పుడే గట్టిగ పోతుంది. వదులు గట్స్ మీద కాక్ కొడితే ధప్ అని మెత్తగ వస్తది, ఎటు పోతదో తెల్వది. అంత ఎందుకు, మన డబుల్స్ ప్లేయర్ సాత్విక్ గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టింది లూజ్ గట్స్ తోనా? పెద్ద ప్లేయర్లు ఎవ్వలు 22 వేయించుకోరు. కొంపల్లి అన్నా, ఇంకొన్ని రోజులు ఆడు, రిస్ట్ తయారైతది, మధ్యల వదిలెయ్యకు.

గట్టింగ్_మెషిన్_వైజాగ్:
నేను వైజాగ్‌లో గట్టింగ్ వేస్తానండి, రోజూ చేతిలో బ్యాట్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు కొంపల్లి గారికి ఒక విషయం. మీరు 24 నుంచి 27కి మారాను, మూడు పౌండ్లే కదా అనుకుంటున్నారు. అది మూడు కాదు. నైలాన్ గట్స్ వేసిన మొదటి రోజు నుంచే జారడం మొదలుపెడతాయి, బ్యాట్ బ్యాగులో పెట్టి ఆడకపోయినా జారతాయి, కొత్త గట్టింగ్ మొదటి కొన్ని రోజుల్లోనే పది శాతం దాకా పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత ఆడే కొద్దీ మెల్లగా ఇంకా తగ్గుతుంది. మీ పాత బీజీ65 తెగేదాకా వాడారు అంటే అది చివర్లో 24 మీద ఉండే ఛాన్సే లేదు, 20, 21 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. మీ చెయ్యి అలవాటు పడింది ఆ 20, 21కి. అక్కడి నుంచి ఫ్రెష్‌గా వేసిన 27 పట్టుకున్నారు. అంటే చేతికి తెలిసిన తేడా ఆరేడు పౌండ్లు. ఎవరికైనా కాక్ వెనక్కి పోదండి.

రెండోది, మీరు టెన్షన్ ఒక్కటే మార్చలేదు, గట్స్ కూడా మార్చారు. బీజీ65 మందం 0.70 మిల్లీమీటర్లు, అల్టిమాక్స్ 0.65. సన్న గట్స్ అదే టెన్షన్ దగ్గర ఎక్కువ సాగి ఎక్కువ తోస్తాయి, బౌన్స్ ఎక్కువ, సౌండ్ పదును. మరి బౌన్స్ ఎక్కువైతే కాక్ దూరం పోవాలి కదా అంటారేమో, టెన్షన్ తేడా ఇంత పెద్దదయ్యేసరికి గట్స్ చేసే ఆ కాస్త సాయం కనపడకుండా పోతుంది. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ఒకసారికి ఒకటే మార్చండి.

ఇప్పుడు సౌండ్ సంగతి. ఓరుగల్లు తమ్ముడు, సౌండ్ గట్టిగా వస్తే పవర్ వచ్చినట్టు అనిపిస్తుంది, అది చెవి చెప్పే మాట. తీగ ఎంత బిగిస్తే అంత పై శ్రుతిలో మోగుతుంది, ఎంత సన్నగా ఉంటే ఇంకా పై శ్రుతిలో మోగుతుంది. అంతే, దానికీ కాక్ స్పీడ్‌కీ సంబంధం లేదు. కాక్ గట్స్‌ని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ. ఆ కాస్త టైంలో గట్స్ సాగి వెనక్కి వచ్చేటప్పుడు తీసుకున్న శక్తిలో చాలా వరకు తిరిగిచ్చేస్తాయి. కాక్ కింద ఉండే కార్క్ బుడిపె అలా ఇవ్వదు, నొక్కుకుపోయి శక్తి మింగేస్తుంది. గట్స్ రాయిలా ఉంటే సాగాల్సిన పని కార్క్ మీద పడుతుంది, అందుకే బిగించే కొద్దీ అదే స్వింగ్‌కి కాక్ కొంచెం తక్కువ స్పీడ్‌తో బయటికి వస్తుంది. మళ్ళీ చెప్తున్నా, మధ్యలో సరిగ్గా తగిలితే ఈ తేడా మీరు అనుకున్నంత పెద్దది కాదు. అసలు తేడా మధ్యలో తగలనప్పుడే వస్తుంది. గట్స్ బిగించే కొద్దీ బాగా పలికే చోటు కుంచించుకుపోతుంది. 22 మీద రెండు వేళ్ళ వెడల్పు పక్కకి తగిలినా కాక్ వెళ్ళిపోతుంది, 28 మీద అదే దెబ్బకి చచ్చిపోయినట్టు పడిపోతుంది, ఆ అదురు నేరుగా చేతికి వస్తుంది. ఆలస్యంగా అందుకున్న కాక్, బ్యాక్‌హ్యాండ్ మూల, ఒంగి తీసిన లిఫ్ట్, ఇవన్నీ మనలాంటి వాళ్ళకి మధ్యలో తగిలేవి కావు.

కాబట్టి నాకు తెలిసినంతలో ఎవరికైనా సరైన టెన్షన్ అంటే బాగా ఆడిన రోజు కొట్టిన షాట్ చూసి పెట్టుకునేది కాదు. మూడో గేము చివర్లో, కాళ్ళు కదలనప్పుడు, లేటుగా అందుకున్న కాక్‌ని బేస్‌లైన్ నుంచి అవతలి బేస్‌లైన్‌కి పంపగలిగే టెన్షన్.

కొంపల్లి_డబుల్స్:
అన్నా, ఇంత వివరంగ ఎవ్వలు చెప్పలే, మస్తు థ్యాంక్స్. పాత గట్టింగ్ పోయిన ఎండాకాలం ముందు వేయించింది. మీరు చెప్పినట్టు లాస్ట్‌ల అయితే గట్స్ పక్కకి జరిగిపోయేటివి, పాయింట్ పాయింట్‌కి వేళ్ళతో సర్దుకునేటోన్ని. ఇంకోటి, వేసినాయన మెషిన్ చేత్తో తిప్పేది, హ్యాండిల్ తిప్పితే టక్ మని ఆగుతది. మా ఫ్రెండ్ వేయించే దగ్గర ఎలక్ట్రానిక్ మెషిన్. రెండిట్లో 27 అంటే ఒకటేనా?

గట్టింగ్_మెషిన్_వైజాగ్:
ఒకటి కాదండి, మంచి పాయింట్ పట్టుకున్నారు. మీరు చెప్పిన టక్ మని ఆగే మెషిన్ లాకవుట్ అంటాం. 27 తగలగానే లాక్ అయిపోతుంది, ఆ తర్వాత గట్స్ సాగితే సాగినట్టే, మెషిన్ మళ్ళీ లాగదు. ఎలక్ట్రానిక్ అయితే గట్స్ సాగే కొద్దీ క్లాంప్ (గట్‌ని కదలకుండా పట్టి ఉంచే పట్టు) వేసేదాకా లాగుతూనే ఉంటుంది. బరువు వేలాడేసే డ్రాప్ వెయిట్ మెషిన్లు కూడా అలాగే లాగుతూ ఉంటాయి, స్లో అంతే. అందుకే అదే 27 ఎలక్ట్రానిక్ మీద కొంచెం గట్టిగా వస్తుంది. లాకవుట్ మెషిన్లో స్ప్రింగ్ ఉంటుంది, అది వాడగా వాడగా తప్పుతుంది, స్ప్రింగ్ త్రాసు పెట్టి సరిచూసుకోకపోతే పైన 27 ఉంటుంది, లోపల 25 ఉండొచ్చు 29 ఉండొచ్చు. క్లాంప్ జారినా, చివర ముడి దగ్గర వదిలేసినా కూడా తగ్గిపోతుంది. అందుకే ఇంకొకళ్ళ నంబర్‌తో మీ నంబర్ పోల్చుకోవద్దు. ఒకే మనిషి దగ్గర, ఒకే మెషిన్ మీద వేయించుకుంటూ అక్కడి నుంచి ఒక్కో పౌండ్ జరుపుకోండి. ఆ మనిషి నంబర్ మీకు అర్థమైతే చాలు.

నెల్లూరు_ఫిజియో:
నేను ఫిజియోథెరపిస్టుని, షటిల్ కూడా ఆడతాను. కొంపల్లి తమ్ముడూ, టెన్షన్ గొడవ ఎలా తేల్చుకున్నా ముందు ఆ నొప్పి సంగతి చూడు. మోచెయ్యి బయటి వైపు ఎముక బుడిపె మీద వేలితో నొక్కితే కలుక్కుమంటుందా? అరచెయ్యి కిందికి పెట్టి నీళ్ళ మగ్గు ఎత్తితే, తలుపు గొళ్ళెం తిప్పితే, తడిబట్ట పిండితే అక్కడే లాగుతుందా? అలా అయితే టెన్నిస్ ఎల్బో అనే అనుమానం, టెన్నిస్ ఆడని వాళ్ళకే ఎక్కువ వస్తుంది అది. మణికట్టుని వెనక్కి ఎత్తే కండరాలు ఆ బుడిపె దగ్గర ఎముకకి అతుక్కుని ఉంటాయి, వాటిని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది (మేము టెండాన్ అంటాం, నరమూ కాదు, రక్తనాళమూ కాదు) రోజూ కొంచెం కొంచెం భారం ఎక్కువై దెబ్బతింటుంది.

గట్స్ టైట్‌గా ఉండటం ఒక్కటే కారణం అని నేను అనను, కానీ అది భారం పెంచుతుంది, రెండు రకాలుగా. ఒకటి, పక్కకి తగిలిన ప్రతి దెబ్బ అదురు చేతికి వస్తుంది. రెండోది జనం గమనించరు, కాక్ వెనక్కి పోవడం లేదని తెలిసిన దగ్గర్నుంచి మనిషి తెలియకుండానే గ్రిప్ బిగించి పట్టుకుని భుజం వదిలేసి చేత్తో కొట్టడం మొదలుపెడతాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మందిది ఇదే కథ, కొత్త బ్యాట్ కొన్నాను మేడం, గట్టింగ్ పెంచాను మేడం, అక్కడి నుంచి మొదలైంది అంటారు. గ్రిప్ కూడా చూసుకో. జీ5 సన్న హ్యాండిల్, పైన ఓవర్ గ్రిప్ అరిగి నున్నగా అయిపోతే చెమటకి జారుతుంది, జారకుండా ఉండాలని ఇంకా బిగిస్తావు. కొత్త ఓవర్ గ్రిప్ వేసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కాక్ తగిలే క్షణంలో తప్ప మిగతా టైం అంతా వేళ్ళు వదులుగా ఉండాలి.

నొప్పి ఉండగా అలవాటైపోతుందిలే అని ఆడొద్దు, అలవాటు కాదు, ముదురుతుంది. కొన్ని రోజులు స్మాషులు, బ్యాక్‌హ్యాండ్ క్లియర్లు ఆపెయ్యి. తగ్గకపోతే, లేదా రాత్రి కూడా నొప్పి ఉన్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా డాక్టర్‌కి చూపించు. తేలికపాటి డంబెల్ పట్టుకుని మణికట్టుని మెల్లగా కిందికి దించే వ్యాయామం ఉంటుంది, అది బాగా పని చేస్తుంది, కానీ ఎవరైనా ఫిజియో దగ్గర ఒకసారి చూసి నేర్చుకుని చెయ్యి. పెయిన్ కిల్లర్ వేసుకుని టోర్నమెంట్ ఆడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గోదారి_మిక్స్‌డ్:
పవర్ గురించే అందరూ మాట్లాడుతున్నారు, కంట్రోల్ గురించి నేను చెప్తానండి, నాకు అది ఇంకా ముఖ్యం. మాది రాజమండ్రి, నేను మిక్స్‌డ్, లేడీస్ డబుల్స్ ఆడతాను, నెట్ దగ్గరే ఎక్కువ ఉంటాను. నేను 23 మీద ఆడేదాన్ని, ఇప్పుడు 25. తేడా ఎక్కడ తెలిసిందంటే స్మాష్ డిఫెన్స్‌లో. అవతల నుంచి గట్టిగా వచ్చిన స్మాష్‌కి నేను బ్యాట్ అడ్డం పెట్టి బ్లాక్ చేస్తే, వదులు గట్స్ మీద కాక్ దానంతట అదే ఎగిరి సర్వీస్ లైన్ దాటి పైకి వెళ్ళేది, ముందు నిలబడ్డ అబ్బాయి కొట్టేసేవాడు. గట్స్ బిగించాక అదే బ్లాక్ నెట్ పక్కనే చచ్చినట్టు పడుతోంది. అంటే గట్స్ వదులుగా ఉంటే నేను ఇవ్వని స్పీడ్ కూడా అవే కలిపేస్తున్నాయి, టైట్‌గా ఉంటే నేను ఇచ్చినదే వెళ్తోంది. కంట్రోల్ అంటే నాకు ఇదే. పక్కకి లైన్ అవుట్ పోవడం కన్నా దూరం తేడా రావడం, అది తగ్గింది. డ్రైవ్‌లు కూడా నెట్ మీదగా చదునుగా వెళ్తున్నాయి.

అయితే మా కోర్టులో ఒక పెద్దాయన, డెబ్బై దగ్గర పడ్డాయి, 21 మీద ఆడతారు, ఆయన నెట్ డ్రిబుల్ చూడాలండీ, కాక్ గట్స్‌కి అతుక్కుని మళ్ళీ జారినట్టు ఉంటుంది. మెత్తటి గట్స్ మీద కాక్ ఇంకొంచెం సేపు ఉంటుంది, ఆ చేతికి తెలిసే మెత్తదనాన్ని ఆయన వాడుకుంటారు. కాబట్టి టైట్ అంటే కంట్రోల్, లూజ్ అంటే కంట్రోల్ లేదు అని రాసేయకండి.

హైటెన్షన్_ఓరుగల్లు:
మేడం చెప్పింది కరెక్టే, నేను కూడా అదే అంటున్న, టైట్ ఉంటే నమ్మకంగ కొట్టొచ్చు. వైజాగ్ అన్న చెప్పింది చదివిన, సౌండ్ సంగతి ఒప్పుకుంట. కానీ నా స్మాష్ నిజంగనే బాగైంది అన్నా, మా బ్యాచ్ మొత్తం అంటున్నరు. మరి అదెట్ల? సాత్విక్ సంగతి కూడా ఎవ్వలు చెప్పలే.

ఖమ్మం_కోచింగ్:
నేను చెప్తా తమ్మీ, నేను పిల్లలకు కోచింగ్ ఇస్త. నువ్వు 23 మీద ఆడినప్పుడు ఎంత వయసు? ఇంటర్ అయ్యుంటది. ఇప్పుడు భుజం వచ్చింది, టైమింగ్ వచ్చింది, జంప్ వచ్చింది. స్వింగ్ స్పీడ్ పెరిగినోనికి వదులు గట్స్ అడ్డం పడ్తయ్, కాక్ గట్స్‌ల మునిగిపోయి ఎప్పుడు ఎటు బయటికొస్తదో తెల్వది, పైకి లేస్తది, అవుట్ పోతది. అట్లాంటోడు టెన్షన్ పెంచితే భయం లేకుంట ఫుల్ స్వింగ్ తో కిందికి కొట్టగలుగుతడు, ఆ ఫుల్ స్వింగే నీ స్మాష్‌ని గట్టిగ చేసింది. 28 నీకు పవర్ ఇయ్యలే, నీ పవర్‌ని నువ్వు వాడుకునేటట్టు చేసింది. నీకు 28 సరిపోయింది, మంచిదే. ఆఫీసుకు పోయే ముందు ఆడే కొంపల్లి ఆయనకు అదే చెప్తే ఆయన చెయ్యి పోతది.

సాత్విక్ సంగతి, ఆ 565 రికార్డు 2023 ఏప్రిల్‌ల జపాన్‌ల యోనెక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ జిమ్‌ల కొట్టింది, అంతకుముందు 2013ల మలేషియా ప్లేయర్ టాన్ బూన్ హియాంగ్ ది 493 ఉండె. అమలాపురం పిలగాడు పదేండ్ల రికార్డును బద్దలు కొట్టిండు, మనందరికీ గర్వమే. కానీ ఆ స్పీడ్ కాక్ గట్స్ నుంచి బయటపడ్డప్పటి స్పీడ్, ఈకల వల్ల గాలిల అది వెంటనే పడిపోతది, అవతలోని దగ్గరికి వచ్చేసరికి అందుల కొంచమే మిగులుతది. ఆ 565 వెనకాల ఉన్నది చిన్నప్పటి నుంచి తయారైన భుజం, నడుము తిప్పే పద్ధతి, ముంజేయి తిప్పే స్పీడ్. పెద్ద ప్లేయర్లకు గట్స్ సాయం అక్కర్లేదు, వాళ్ళకు కావాల్సింది తేడా లేకుండ ఒకే తీరుగ పలికే గట్స్. అందుకే వాళ్ళు ఎక్కువ టెన్షన్ పెట్టించుకుంటరు, మ్యాచ్‌కి బ్యాగుల తాజాగ వేసిన బ్యాట్లు నాలుగైదు ఉంటయ్, ఒకటి తెగితే ఇంకోటి తీస్తరు. మనకు ఉన్నది ఒకటో రెండో.

నా దగ్గర చిన్న పిల్లలకు 18, 20 దాటి వేయనియ్య. తల్లిదండ్రులు వచ్చి మా బాబుకు 26 వెయ్యండి సార్, అకాడమీల అట్లనే వేస్తరంట అంటరు. ఎదిగే చేతికి అంత టైట్ ఇస్తే పిలగాడు కాక్ వెనక్కి పంపడానికి చెయ్యి విసిరి విసిరి స్ట్రోకే చెడగొట్టుకుంటడు. తర్వాత దాన్ని సరిచేసుడు మస్తు కష్టం. ఈ విషయంల నేను ఎవ్వరి మాట వినను.

అనంతపురం_ర్యాలీ:
మా పక్క సంగతి వేరేగా ఉంటాది సార్. మేము ఆడేది గ్రౌండులో, సిమెంటు కోర్టు, పైన కప్పు లేదు, నైలాన్ కాక్ తోనే. నైలాన్ కాక్ ఫెదర్ మాదిరి చివర్న పడిపోదు, పోతానే ఉంటాది, కాబట్టి 24 కంటే ఎక్కువ అవసరమే రాదు, దెబ్బకి చేతికి కూడా కొంచెం గట్టిగానే తగులుతాది. నాకు 22, బీజీ65, అంతే, గట్టిగా ఉంటాది, చానా రోజులు వస్తాది. సన్న గట్స్ మాకు నిలవవు. ఇంకొకటి ఎవరూ చెప్పలే, ఎండాకాలం బ్యాట్‌ని కారులో గానీ బండి డిక్కీలో గానీ వదిలేయాకండి. మా ఊర్లో మధ్యాన్నం కారు లోపల చెయ్యి పెట్టలేము, ఆ వేడికి గట్స్ సాగి నెలలో పోయే టెన్షన్ వారంలో పోతాది.

మిన్నెసోటా_డ్రాప్:
అనంతపురం అన్న వేడి గురించి చెప్పారు, నేను చలి గురించి చెప్తా. మేము ఇక్కడ మన తెలుగు వాళ్ళం ఒక బ్యాచ్ స్కూల్ జిమ్‌లో ఆడతాం. జనవరిలో బ్యాగ్ కారు ట్రంకులో రాత్రంతా ఉండిపోయి, అదే చల్లటి బ్యాట్‌తో లోపలికి రాగానే ఫుల్ స్మాష్ కొడితే సన్న గట్స్ టప్పున తెగిపోతాయి, చలికి బిరుసెక్కుతాయి కదా. ముందు వార్మప్‌లో మెల్లగా కొట్టాలి, కాక్ ట్యూబ్ కూడా ఇంట్లోంచి తెచ్చుకోవాలి.

కొంపల్లి బ్రో, మీరు పొద్దున్నే ఆడతా అన్నారు, ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా చలికాలం. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, కాక్ అదే దెబ్బకి తక్కువ దూరం పోతుంది. ట్యూబ్ మీద 76, 77, 78 లాంటి నంబర్ ఉంటుంది చూడండి, ఎండాకాలం తెచ్చుకున్న స్లో కాక్‌లే ఇప్పుడు కూడా వాడుతుంటే క్లియర్ పడిపోవడంలో దాని వాటా కూడా ఉంటుంది. ఒక నంబర్ పెద్దది తెప్పించి చూడండి. కొన్ని కంపెనీలు 2, 3, 4 అని వేస్తాయి, అందులో కూడా పెద్ద నంబర్ అంటే స్పీడ్.

కొంపల్లి_డబుల్స్:
బ్రో, ఇవాళ చూసిన, మా దగ్గర ఉన్నయి 76. కోర్ట్ ఆయన ఎప్పటివో ఒక బాక్స్ తెచ్చి పెట్టిండు, అవే నడుస్తున్నయ్. 77 తెప్పియ్యమని చెప్పిన.

మేడం, మీరు చెప్పినట్టు నీళ్ళ మగ్గు ఎత్తి చూసిన, కరెక్ట్‌గ అక్కడనే లాగుతుంది. ఈ వారం ఆడుడు బంద్ చేస్తున్న, ఫిజియో దగ్గరికి పోత. గ్రిప్ కూడా మస్తు పాతది, నున్నగ అయింది, తీసేస్త.

ఇగ లాస్ట్ డౌట్. ఈ 27ని ఉంచితే అదే జారి 24కి వస్తది కదా, అప్పటిదాక పక్కన పెట్టి వాడుకోవచ్చా? లేకపోతే కట్ చేయాల్నా? కొత్త గట్స్, పైసలు పెట్టిన, కట్ చేయబుద్ధి ఐతలేదు. కట్ చేసేదుంటే ఎట్ల చేయాలె, ఎంత వేయించాలె?

బెజవాడ_బ్యాక్‌హ్యాండ్:
ఉంచితే నష్టం లేదండి, మీరు ఎలాగూ చెయ్యి తగ్గేదాకా ఆడరు కదా. అప్పటికి అవే కాస్త జారతాయి. నొప్పి పూర్తిగా పోయాక నాలుగు క్లియర్లు కొట్టి చూడండి, అప్పుడు నిర్ణయించుకోండి.

గట్టింగ్_మెషిన్_వైజాగ్:
బెజవాడ అన్నగారితో ఇక్కడ నేను ఏకీభవించనండి. జారిన 27, తాజాగా వేసిన 24 ఒకటి కాదు. జారిపోయిన గట్స్ ఆ సాగే గుణం కొంత పోగొట్టుకుని ఉంటాయి, నంబర్ తగ్గినా మీకు కావాల్సిన ఆ తోసే బలం అంతగా రాదు, చేతికి మొద్దుగా తగులుతుంది. మామూలుగా అయితే ఆడి అరగ్గొట్టెయ్యండి అనేవాడిని, మోచెయ్యి నొప్పి ఉంది కాబట్టి కట్ చేసెయ్యమనే అంటాను. గట్స్ ఖర్చు కన్నా ఫిజియో ఖర్చు ఎక్కువ.

కట్ చెయ్యడం జాగ్రత్తగా చెయ్యండి. నిలువు గట్స్ 22 ఉంటాయి, ఒక్కోటి 27 పౌండ్లు లాగుతుంటే లెక్కేసుకోండి, పై ఫ్రేమ్ మీద సుమారు 270 కిలోల లాగుడు, దాన్ని అడ్డం గట్స్ పక్కల నుంచి సర్దుతుంటాయి. ఒక మూల నుంచి వరసగా కట్ చేసుకుంటూ పోతే ఆ బ్యాలెన్స్ పోయి ఫ్రేమ్ వంకర తిరుగుతుంది, లేదా చిట్లుతుంది. కత్తెరతో నడిమధ్య నుంచి మొదలుపెట్టి, ఒక నిలువు ఒక అడ్డం చొప్పున మధ్య నుంచి బయటికి నాలుగు వైపులా సమానంగా కత్తిరించుకుంటూ రండి. ఆడుతుండగా ఒక గట్ తెగినా అంతే, గేము తర్వాత చూద్దాం అని బ్యాగులో పెట్టకుండా అక్కడికక్కడే మిగతావి కట్ చెయ్యాలి. మా దగ్గరికి వారం తర్వాత తెచ్చేవాళ్ళ ఫ్రేములు చూస్తే కోడిగుడ్డులా ఉండాల్సింది ఒక పక్కకి లాగేసి ఉంటుంది.

కట్ చేశాక ఆ తెగిన ముక్కల్లో మధ్యవి ఒకటి రెండు తీసి వెలుతురులో చూడండి. నిలువు గట్, అడ్డం గట్ కలిసే చోట గాటు పడి ఉంటుంది, స్లైస్ డ్రాపులు (కాక్‌ని కోసినట్టు కొట్టి నెట్ దగ్గర వేసే షాట్లు) ఎక్కువ కొట్టేవాళ్ళకి ఆ గాటు లోతుగా ఉంటుంది. మీ పాత బీజీ65 ముక్కలు పారేయకపోతే అవి కూడా చూడండి. తెగింది ఆ గాటు దగ్గర అయితే అరిగి తెగినట్టు, మంచిదే. ఫ్రేమ్ అంచు దగ్గర, పైభాగంలో తెగి ఉంటే మీరు కాక్‌ని మధ్యలో కాకుండా పైన అంచు దగ్గర అందుకుంటున్నారు, లేదా అక్కడి గ్రోమెట్ (గట్ దూరే రంధ్రంలో ఉండే ప్లాస్టిక్ గొట్టం) చిట్లి గట్స్‌ని కోస్తోంది. గ్రోమెట్లు రూపాయల్లో పని, గట్టింగ్ వేసేటప్పుడు పాడైనవి మార్చమని అడగండి, చాలామంది అడగరు, వేసేవాళ్ళూ చెప్పరు.

ఎంత వేయించాలి అంటే, బీజీ65 గానీ, కొంచెం బౌన్స్ కావాలంటే 0.68 మందం గట్స్ గానీ, నిలువు 23, అడ్డం 24 లేదా 25. అడ్డం ఎందుకు ఎక్కువ అంటే నిలువు గట్స్ లాగినప్పుడు ఫ్రేమ్ పొడవు కొంచెం తగ్గి పక్కలకి ఉబ్బుతుంది, అడ్డం గట్స్ దాన్ని మళ్ళీ లోపలికి లాగాలి, పైగా నేసేటప్పుడు నిలువు గట్స్ మధ్య రాపిడికి అడ్డం గట్స్‌లో టెన్షన్ కొంత పోతుంది. చేత్తో తిప్పే మెషిన్ దగ్గరే అయితే 24, 26 అనండి. కోన్ మీద 28 ఉంది కదా అని పైకి పోనక్కర్లేదు, అది ఫ్రేమ్ తట్టుకునే హద్దు, అది దాటితే వారంటీ కూడా ఉండదు, మీకు ఎంత కావాలో అది చెప్పదు.

హైటెన్షన్_ఓరుగల్లు:
వైజాగ్ అన్నా, నా బ్యాట్ కోన్ మీద 26 వరకే ఉంది, నేను 28 వేయిస్తున్న. ప్రాబ్లం ఉంటదా?

గట్టింగ్_మెషిన్_వైజాగ్:
ఉంటుంది తమ్ముడూ. పార్ట్‌నర్ బ్యాట్‌కి ఒకసారి గట్టిగా తగిలినా, పై మూలలో కాక్ సరిగ్గా తగలకపోయినా ఫ్రేమ్ అక్కడే లోపలికి కుప్పకూలుతుంది, గట్స్ ఆ బలంతో లాగేస్తాయి. 26కి దిగు, లేదా 28 తట్టుకునే ఫ్రేమ్ కొనుక్కో. 26 మీద సన్న గట్స్ వేసుకుంటే నీకు కావాల్సిన ఆ పదును చాలా వరకు వస్తుంది. ఫ్రేమ్ లోపలి వైపు గ్రోమెట్ల దగ్గర ఇప్పుడే గోరుతో తడిమి చూడు, పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత తగిలితే ఆ బ్యాట్‌కి ఇంకెవరి దగ్గరా 28 వేయించకు.

హైటెన్షన్_ఓరుగల్లు:
చూసిన అన్నా. పై పక్కన కుడి మూలల ఒక సన్న గీత ఉంది. పెయింటే పోయిందా, లోపల దాక ఉందా తెలుస్తలేదు. ఫోటో పెడ్త, చూసి చెప్పు.

గట్టింగ్_మెషిన్_వైజాగ్:
పెట్టు. పెట్టే ముందు గట్స్ కట్ చెయ్యి, పైన చెప్పినట్టు మధ్య నుంచి. గట్స్ తీశాక ఆ చోట రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కితే గీత తెరుచుకున్నట్టు కనిపిస్తే లోపలిదాకా ఉన్నట్టే.